చెరువు గట్టు ఎక్కని పర్యావరణ పాఠం

మీ ఇంట్లో నాలుగో, ఐదో చదివే పిల్ల ఉంటే పర్యావరణం అంటే ఏమిటని అడిగి చూడండి. గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేస్తుంది. ఆ తర్వాత వీధి చివరి చెట్టు చూపించి, 'దీని పేరేమిటే?' అనండి. 'ఏదో చెట్టు' అంటుంది. తప్పు దానిది కాదు. ఆ చెట్టు కింద నిలబెట్టి ఎవరైనా చెప్తే కదా!

బళ్లలో పర్యావరణం తప్పనిసరిగా చెప్పాలని ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991 నవంబరు 22న ఆదేశించింది. అమలు సరిగా లేదని ఆయన మళ్లీ కోర్టుకెక్కితే 2003 డిసెంబరులో మరోసారి గట్టిగా చెప్పింది. 2004లో ఎన్.సి.ఇ.ఆర్.టి. సిలబస్ తయారు చేసింది. పుస్తకం వచ్చింది, టైంటేబుల్లో పీరియడూ వచ్చింది. పిల్లల్ని గేటు దాటించడమే చాలాచోట్ల మిగిలిపోయింది.

ఇక ప్రాజెక్టుల సంగతి మనకి తెలిసిందే. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి 'అమ్మా, రేపు చార్టు తీసుకెళ్లాలి' అంటారు. వంటిల్లు సర్దుకుని, షాపులో కొన్న బొమ్మలు కత్తిరించి అంటించేది మనమే. భూమిని కాపాడాలనే బోధని థర్మోకోల్ అట్ట మీద అందంగా రాసేదీ మనమే!

వెనక ఈ చదువు వేరేగా జరిగేది. వినాయక చవితికి పత్రి కోసం పిల్లలు తెల్లారకుండానే గుంపుగా బయల్దేరేవాళ్లు. ఇరవై ఒక్క రకాలు కావాలి మరి. గరిక ఎక్కడ మొలుస్తుందో, జిల్లేడు తుంచితే పాలెలా కారతాయో, ఉత్తరేణి గింజలు పరికిణీకి ఎలా పట్టుకుంటాయో అక్కడే తెలిసేది. ఉమ్మెత్తకాయ విషం, నోట్లో పెట్టుకోకూడదని పెద్దపిల్లలు చిన్నవాళ్లకి చెప్పేవాళ్లు. ఇప్పుడు పత్రి బజార్లో కట్టగా వస్తోంది. అందులో ఏది ఏ ఆకో అమ్మేవాడికీ తెలీదు, కొనే మనకీ తెలీదు. బతుకమ్మకి తంగేడు, గునుగు కోసుకొచ్చే ఆడపిల్లలూ పట్నాల్లో కనబడడం లేదు.

ప్రకృతి కోసం బస్సు కట్టించుకుని దూరం పోనక్కర్లేదు. గుంటూరు పక్కనే ఉప్పలపాడులో ఊరి చెరువులోని చెట్ల మీదే గూడబాతులు గూళ్లు కడతాయి. కైకలూరు వాళ్లకి కొల్లేరు అంచున ఆటపాక ఉంది. అదీ లేకపోతే బడి ఆవరణలో ఒక్క వేపచెట్టు చాలు. ఆకు ఎప్పుడు రాలింది, ఉగాదికి పూత ఎంత వచ్చింది, పళ్లు తినడానికి ఏ పిట్టలొచ్చాయి? ఏడాది పొడుగునా నోటు పుస్తకంలో రాసుకుంటే కొన్న చార్టులో దొరకనివి చాలా తెలుస్తాయి. దీనికి పైసా ఖర్చు లేదు.

అయితే బళ్లనే అని లాభం లేదు. 'ఎండకి తిప్పారు, బట్టలకి మట్టైంది, పామో పురుగో ఉంటే?' అని మొదట నిలదీసేది మనమే. భయం న్యాయమైందే. నీళ్ల సీసా, చెప్పులు, నీళ్ల దగ్గర కాపలా, ఇరవైమందికి ఇద్దరైనా పెద్దవాళ్లు ఉండి తీరాలి. ఇవి అడిగి చేయించుకోవాలి గానీ, పంపడమే మానేస్తే ఎలా?

ఆడపిల్లల విషయం మరీను. మగపిల్లాడు బడి తీసుకెళ్లకపోయినా బంతాట పేరుతో చెరువు గట్టు చూసొస్తాడు. ఆడపిల్లకి పదకొండో పన్నెండో ఏడు రాగానే ఇల్లూ బడీ తప్ప మరో దారి ఉండదు. 2020 నాటి జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల వాళ్లకి పది రోజులు పుస్తకాల సంచీ లేని చదువు ఉండాలంది. సరిగ్గా మన పిల్లల్ని మనం ఇంటికి కట్టేసే వయసు అది! ఆ పది రోజుల్లో రెండు మూడైనా చెరువుకీ తోటకీ కేటాయించవచ్చు. టీచరమ్మ వెంట ఉంటుందా, పోయే చోట మరుగుదొడ్డి ఉందా అన్నవి తేలకపోతే మాత్రం ఆడపిల్లలు ఆ రోజు కూడా ఇంట్లోనే ఆగిపోతారు.

ఈసారి బడిలో తల్లిదండ్రుల మీటింగుకి పిలిచినప్పుడు మార్కుల కార్డు చూసి లేచి వచ్చేయకండి. ఆ పది రోజులూ ఎప్పుడు, ఎక్కడికి, వెంట ఎవరు వస్తారని అడగండి. తోడుకి మనిషి తక్కువైతే నేనొస్తానని చెప్పండి.