ఇంటికి పంపించేయడం వైద్యం కాదు సార్

పోస్ట్ పెద్దదే. సెమిస్టర్ పరీక్షల టైమని తెలుసు, అయినా హాస్టల్లో ఉన్నవాళ్ళు, ఉండి వచ్చినవాళ్ళు చివరిదాకా చదవండి.

మన హాస్టల్లో ఒకడికి మలేరియా వస్తే ఏం చేస్తారో మనకి తెలుసు. రక్తపరీక్ష చేయిస్తారు, పీహెచ్‌సీకి తీసుకెళ్తారు, ముదిరితే 108 వస్తుంది. పాము కరిస్తే అర్ధరాత్రయినా ఎవరిదో ఒక బండి దొరుకుతుంది. ఊళ్ళో అయితే రోడ్డు లేకపోయినా డోలీ కట్టి కొండ దింపుతాం. మరి అదే పిల్లాడు మూడు రోజులుగా అన్నం ముట్టక, రాత్రుళ్ళు నిద్రపోక, "నేను లేకపోతేనే అందరికీ మంచిది" అంటుంటే? అప్పుడు మన హాస్టళ్ళకి తెలిసిన మందు ఒక్కటే. "వాళ్ళ నాన్నకి ఫోన్ చెయ్యండి, వచ్చి తీసుకుపోమనండి."

ఈ ఒక్క మాట మీదే నా గొడవంతా.

పోయినేడు మా హాస్టల్లో డిగ్రీ ఫస్టియర్ తమ్ముడి విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. (అతన్ని అడిగే రాస్తున్నా. పేరు, ఊరు రాయను, కామెంట్లలో ఎవరూ అడగొద్దు.) రాత్రి పదకొండుకి రూమ్‌మేట్స్ వచ్చి చెప్తే నలుగురం కలిసి పైవాళ్ళకి చెప్పాం. ఆసుపత్రి మాట ఎవరూ ఎత్తలేదు. మర్నాడు మధ్యాహ్నానికి వాళ్ళ నాన్న వచ్చాడు, ఆరోజు కూలి పోగొట్టుకుని. ఆయన చేత ఒక కాగితం మీద వేలిముద్ర వేయించారు, "నా కొడుకును నా ఇష్టంతోనే తీసుకెళ్తున్నాను" అని. చదవడం రాని మనిషి. ఆ కాగితం ఎవరిని కాపాడడానికి? పిల్లాడినైతే కాదు.

వాళ్ళ ఊళ్ళో డాక్టర్ లేడు. ఫోన్ మాట్లాడాలంటే ఊరి పైన ఒక బండరాయి ఎక్కాలి. బస్సు దిగాక రెండు గంటల నడక. ప్రాణం మీద ఆశ పోయిందని పట్నంలో ఉన్నప్పుడు నోరు తెరిచి చెప్పిన పిల్లాడిని, ఆసుపత్రి దగ్గరున్న చోటు నుంచి ఆసుపత్రే లేని చోటికి పంపించారు. నెలన్నర పాటు వాళ్ళమ్మ రాత్రిళ్ళు గడప దగ్గర అడ్డంగా పడుకుందంట. బతికాడంటే అది ఆమె వల్ల. తిరిగి వచ్చేసరికి అటెండెన్స్ లేదన్నారు. ఇప్పుడు వేరే జిల్లాలో పనికి పోతున్నాడు. వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు.

"ఒక్క వార్డెన్ రెండొందల మందిని ఎలా చూస్తాడు?" అని కొందరు అన్నలు అంటారు. న్యాయమైన మాటే. చూడలేడు. అందుకే కదా మనిషిని పెట్టమంటున్నాం. ఆశ్రమ పాఠశాలల్లో ఏఎన్ఎంలని పెట్టండని మన సంఘాలు ఎన్నిసార్లు అర్జీలు ఇచ్చాయో మీకు తెలుసు. కానీ మనుషులు తక్కువున్నారన్నది ఫోన్ చెయ్యకపోవడానికి కారణం కాదు. 14416 కి ఫోన్ చెయ్యడానికి బడ్జెట్ అక్కర్లేదు. అది టెలీమానస్, 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది, 24 గంటలూ, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. కలవకపోతే 1800 891 4416. మీ హాస్టల్ గోడ మీద మెనూ బోర్డు ఉంది, రూల్స్ ఉన్నాయి. ఈ నంబర్ ఉందా?

ఇది నేను పెట్టిన రూల్ కాదు. విశాఖలో హాస్టల్లో ఉండి నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల అమ్మాయి మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇచ్చింది. హాస్టళ్ళు సహా అన్ని విద్యాసంస్థలకీ వర్తిస్తుందని చెప్పింది. నూరుమంది, అంతకన్నా ఎక్కువ విద్యార్థులున్న చోట శిక్షణ పొందిన కౌన్సెలర్ ఒకరైనా ఉండాలి. తక్కువున్న చోట బయటి నిపుణులతో ఏర్పాటు ఉండాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టల్లో, క్లాసురూముల్లో పెద్ద అక్షరాలతో కనిపించాలి. అత్యవసరం వస్తే ఎక్కడికి తీసుకెళ్ళాలో ముందే రాసిపెట్టుకోవాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి, ఎస్సీ ఎస్టీ పిల్లలతో చిన్నచూపు లేకుండా ఎలా మెలగాలో కూడా నేర్పాలి. చివరి ముక్క రెండుసార్లు చదవండి. "ఫ్రీ సీటు, ఫ్రీ తిండి, ఇంకేం బాధరా నీకు" అనే మాట విననివాళ్ళు మనలో ఎంతమంది?

ఇంకో భయం, "పోలీస్ కేసవుతుంది" అని. చాలామంది నోరు మూసుకునేది దీనికే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 115 ప్రకారం, ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు. సెక్షన్ 94 ప్రకారం ప్రాణాపాయం ఉన్నప్పుడు రిజిస్టర్డ్ డాక్టర్ ఎవరైనా అత్యవసర చికిత్స చెయ్యొచ్చు. కాబట్టి "ఇక్కడ సైకియాట్రిస్ట్ లేడు, తీసుకుపోండి" అని ఎవరైనా అంటే ఈ సెక్షన్ పేరు గట్టిగానే చెప్పండి.

మనవాళ్ళనీ వదలను. "అడవిలో పుట్టినోడికి డిప్రెషనేంట్రా, తట్టుకోవాలి" అనే పెద్దలున్నారు ఈ గ్రూపులోనే. చినవాల్తేరు, ఎర్రగడ్డ పేర్లు చెప్పి జోకులేసేది కూడా మనమే. ఆ జోకు విన్నవాడు రేపు అక్కడికి వెళ్ళాల్సొస్తే వెళ్తాడా? మా వైపు ఇలాంటప్పుడు దిసారిని పిలుస్తారు. నేను ఆయన్ని తక్కువ చెయ్యను. ఆయన వస్తే ఇంటిల్లిపాదీ ఆ మనిషి చుట్టూ రాత్రంతా కూర్చుంటారు. హాస్టల్లో ఆ మాత్రం కూడా లేదు. పూజ చేయించుకోండి, అదే రోజు డాక్టర్ దగ్గరికీ వెళ్ళండి.

రూమ్‌లో ఎవరైనా అలా మాట్లాడితే ఒంటరిగా వదలొద్దు. "చనిపోవాలనిపిస్తుందా" అని సూటిగా అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందనేది అపోహ, అడిగితే చాలామందికి బరువు దిగుతుంది. హాని చేసుకునే వస్తువులు పక్కకి తీసేయండి. స్పీకర్ పెట్టి 14416 కి చెయ్యండి. పరిస్థితి చెయ్యి దాటేలా ఉంటే 108 లేదా 112, లేదంటే దగ్గరున్న ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీ. "ఎవరికీ చెప్పను" అని మాట మాత్రం ఇవ్వొద్దు. ఇది చదువుతున్న మీకే ఇప్పుడు అలా ఉంటే పోస్ట్ ఇక్కడే ఆపేసి పక్క మంచం వాడిని లేపండి. రాత్రి రెండైనా పర్లేదు, తిట్టడు.

టెలీమానస్‌లో 20 భాషలున్నాయి. తెలుగు ఉంది, ఒడియా ఉంది. కువి లేదు, కోయ లేదు, గోండి లేదు. గుండెల్లో ఉన్నది సొంత భాషలో తప్ప బయటికి రాని పిల్లలు మన దగ్గర ఎంతమందో. ఇంటర్‌లో చేరినప్పుడు జ్వరమని చెప్పడానికే నాకు తెలుగు తడబడేది. మన భాషలొచ్చిన డిగ్రీ పిల్లల్నే శిక్షణ ఇచ్చి హాస్టళ్ళలో పెట్టొచ్చు కదా. మనలో నిరుద్యోగులు తక్కువా?

అర్జీ డ్రాఫ్ట్ రాశాను. ఐటీడీఏ గ్రీవెన్స్ రోజున పీఓ గారికి ఇద్దాం. అడిగేవి నాలుగు: గోడ మీద నంబర్, రాత్రిపూట వాహనం ఖర్చు ఎవరు పెట్టాలో రాతపూర్వక ఆదేశం, కౌన్సెలర్, వైద్యం కోసం ఇంటికెళ్ళిన పిల్లాడి సీటు, అటెండెన్స్ పోకుండా హామీ. డాక్టర్‌కి చూపించకుండా తల్లిదండ్రుల చేత కాగితం రాయించుకోవడం ఆపాలని పైన వేరేగా రాశాను. ఏడాదిలో సిబ్బందికి శిక్షణ ఎన్నిసార్లు జరిగిందని ఆర్టీఐ కూడా వేస్తున్నాం, ఫారం నింపడం వచ్చిన లా చదివే అక్కలు సాయం చెయ్యండి.

సంతకం పెట్టేవాళ్ళు హాస్టల్, మండలం పేరు పంపండి. దాంతోపాటు మీ హాస్టల్ నోటీసు బోర్డు ఫొటో కూడా. నంబర్ ఉన్నా పంపండి, లేకపోయినా పంపండి. ఆదివారం రాత్రికల్లా.