మార్గదర్శి చేతిలో మన కెమెరా

ఆరిజోనాలో పేజ్ అనే చిన్న ఊరి పక్కన యాంటిలోప్ క్యానియన్ ఉంది. అది నవహో జాతివారి భూమి. అక్కడి మార్గదర్శి వెంట లేకుండా ఎవరినీ లోపల అడుగుపెట్టనివ్వరు. ఈ నిబంధన మీద మిత్రులు పలువురు విసుక్కోగా విన్నాను: మందను తోలినట్టు తోలుతారు, తనివితీరా నిలబడి చూడనివ్వరు, పైగా అంత రుసుమా అని. (తిరుమలలో "జరగండి, జరగండి" అంటే మాత్రం చేతులు జోడించి జరుగుతాము.) నేనూ ఆ మందలో ఒకడినై వెళ్ళివచ్చాను. విసుగు నాకూ కలిగింది గాని, అది వారి మీద కాదు.

ఉదయం హార్స్‌షూ బెండ్ చూశాము. కొలరాడో నది వేయి అడుగుల దిగువన గుర్రపు లాడంలా వంపు తిరుగుతుంది. బొమ్మల్లో చూసినట్టే ఉంది. మధ్యాహ్నం దిగువ యాంటిలోప్‌కు చేరాము. పైన నిలబడితే అక్కడొక లోయ ఉన్నదనే తెలియదు. రాతినేలలో ఒక పగులు, అంతే. ఇనుప మెట్ల మీదుగా అందులోకి దిగాక రాయి రాయిలా కనబడలేదు. సారె మీద తడిమట్టిని కుమ్మరి వేళ్ళతో నొక్కి వదిలినట్టు గోడలన్నీ వంపులు తిరిగి ఉన్నాయి. వెలుగు ఒక గోడను తాకి ఎదుటి గోడ మీద పడి, లోతుకు దిగేకొద్దీ నారింజ వన్నె నుండి ఊదాకు మారుతున్నది. జురాసిక్ యుగపు ఇసుకతిన్నెలే గట్టిపడి ఈ రాయి అయ్యాయి. దానిని కోసినది వరదనీరు. ఎగువ లోయకున్న నవహో పేరుకు అర్థం, నీరు రాళ్ళగుండా పారే చోటు అని. కవిత్వం కోసం పెట్టిన పేరు కాదది, ఉన్నమాట.

1997 ఆగస్టు 12న ఈ దిగువ లోయలోకే వరద వచ్చింది. లోయ దగ్గర చెప్పుకోదగ్గ వాన లేదు. మైళ్ళ అవతల కురిసిన వాన నీరు ఈ ఇరుకులోకి వచ్చిపడింది. పదకొండుమంది సందర్శకులు మరణించారు. ఒక మార్గదర్శి మాత్రమే బతికాడు. నెత్తిన ఆకాశం నీలంగా ఉండటం ఇక్కడ దేనికీ హామీ కాదు. అందువల్ల కదలమంటే కదలాలి, పైకి రమ్మంటే రావాలి. ఇల్లు వారిది, ఇంటి ప్రమాదం తెలిసినదీ వారికే. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

నా విసుగు వేరు. మా మార్గదర్శి పాతికేళ్ళైనా నిండని అమ్మాయి. మొదటి మలుపులో నిలబడి, వాన వాసన గురించి వాళ్ళ అమ్మమ్మ చెప్పిన మాటేదో మొదలుపెట్టింది. అది ముగియకముందే ఒకాయన ఫోను చాచి, రంగులు బాగా రావాలంటే ఏది నొక్కాలని అడిగాడు. ఆమె ఫోను అందుకుని సరిచేసి ఇచ్చింది. వెనువెంటనే పది ఫోన్లు. ఆపైన ఆ గంటంతా ఆమె చెప్పినవి ఇక్కడ నిలబడండి, అటు తిరగండి, ఈ రాయి గాలిలో జుట్టు ఎగురుతున్న స్త్రీలా లేదూ, ఇవే. తన నేల గురించి చెప్పగల మనిషిని మేము ఫొటో స్టూడియో కుర్రదానిని చేసి, తిరిగి వచ్చాక మార్గదర్శులు ఏమీ చెప్పరని ఫిర్యాదు చేస్తాము. ఆ పది ఫోన్లలో నాదీ ఒకటి.

పైకి వచ్చాక, ఇందాక మధ్యలో ఆగిన మాటేమిటని అడిగాను. ఆమె నవ్వి, చెప్పబోయి, ఒకసారి దూరంగా మబ్బులకేసి చూసింది. అంతలో తరువాతి గుంపు వేళైంది.