బెండు మునగని ఆగస్టు

ఆగస్టు నెలలో, మిట్టమధ్యాహ్నం, లేక్ వాషింగ్టన్ ఒడ్డున కూర్చుని ట్రౌట్ చేపకు గాలం వేసేవాడిని చూసి నవ్వుకోని వారుండరు. సియాటిల్‌లోని సెవర్డ్ పార్కు గట్టున ఈ వేసవిలో నాలుగు శనివారాలు అలాగే కూర్చున్నాను. నాలుగింటికీ కలిపి దక్కింది అరచేయంత పెర్చ్ ఒక్కటి. దానిని కూడా తిరిగి నీళ్లలోకే వదిలేశాను.

మూడవ శనివారం మా బాబాయిగారు వెంట వచ్చారు. భీమవరం దగ్గర ఆయనకు చేపల చెరువులున్నాయి. రెండు గంటలు బెండు వంకే చూసి చూసి, చివరకు, "ఏరా అబ్బాయ్, ఇన్ని నీళ్లు పెట్టుకుని ఇంత కరువా? గవర్నమెంటు వాళ్లు సీడు తెచ్చి వదలచ్చు గదా!" అన్నారు.

ఈ మాట ఇక్కడి గాలపురాయుళ్ల నోటా చాలాసార్లు విన్నాను. నాకు మాత్రం సమ్మతం కాదు.

నిజానికి చేపలు లేకపోవడం కాదు, మనకు అందకపోవడమే అసలు సంగతి. ఈ సరస్సు పొడవు సుమారు 35 కిలోమీటర్లు, గరిష్ఠమైన లోతు 65 మీటర్లు. వేసవిలో పైపొర 20 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. దవడ కింద ఎర్రని గీత ఉండే ఇక్కడి కట్‌త్రోట్ ట్రౌట్ చల్లదనాన్ని వెతుక్కుంటూ కింది పొరలకు దిగిపోతుంది. పడవ ఉన్నవారు బరువులు కట్టి ఎరను అంత లోతుకు పంపగలరు. గట్టున కూర్చున్న నా వానపాము పైనీళ్లలోనే ఈదులాడుతుంది. పెంచి తెచ్చిన ట్రౌట్‌ను వదిలినా ఆగస్టులో అది కూడా లోతుకే పోతుంది కదా! పైగా అక్కడ పుట్టి పెరిగిన చేపల తిండికి పోటీ.

పిల్లచేపలను వదిలే ముచ్చట కావాలంటే ఇదే ఊళ్లో గ్రీన్ లేక్ ఉంది. సుమారు 259 ఎకరాల చిన్న చెరువు. రాష్ట్ర మత్స్యశాఖ వారు వసంతంలో రెయిన్‌బో ట్రౌట్‌ను తెచ్చి వదులుతారు. కొన్నాళ్లు గట్టంతా తిరునాళ్లే. నేనూ వెళ్లాను, పట్టాను, వేయించుకు తిన్నాను, గొప్పలకు పోను. మొదటిసారి గాలం పట్టిన పిల్లవాడికి ఆ ఆనందం ఉండి తీరాలి. అయితే పెద్ద సరస్సును కూడా ఆ లెక్కకు దించమనడం నాకు నచ్చదు.

ఎందుకంటే, ఆ లోతున ట్రౌట్ తలదాచుకునే చల్లని చోటు మిగలడం వెనుక ఒక కథ ఉంది. 1950లలో చుట్టుపక్కల ఊళ్ల నుంచి శుద్ధిచేసిన మురుగునీరే రోజుకు సుమారు 2 కోట్ల గాలన్లు ఇందులో కలిసేది. అందులోని భాస్వరం తిని నాచు పెరిగింది. నాచు చచ్చి అడుగుకు చేరితే, అది కుళ్లేటప్పుడు ఆక్సిజన్ హరించుకుపోతుంది. 1955లో ఆసిలటోరియా అనే నాచు కనబడగానే వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఎడ్మండ్‌సన్ ముప్పును గుర్తించి హెచ్చరించాడు. ఊళ్లన్నీ కలిసి ఒక సంస్థగా ఏర్పడి మురుగును మళ్లించాలన్న ప్రతిపాదన 1958 మార్చి ఓటింగులో వీగిపోయింది. సెప్టెంబరులో మళ్లీ పెడితే నెగ్గింది. 1963 నుంచి 1968 దాకా మళ్లింపు సాగింది. (ఎక్కడికంటారా? శుద్ధి చేసి ప్యూజెట్ సౌండ్ సముద్రపు పాయలోకి. అదీ పూర్తి పుణ్యకార్యమని నేననను.) 1960ల తొలినాళ్లలో వేసవి నీటిలో ఒక మీటరు లోతు దాటి చూపు ఆనేది కాదు. తరువాత తరువాత ఎన్నో రెట్లు తేటపడింది. తేటనీటిలో చేపకు నా దారం కూడా కనిపిస్తుందనుకోండి, అది వేరే బాధ!

ఒకప్పుడు హైదరాబాదుకు తాగునీరిచ్చిన హుస్సేన్‌సాగర్ గట్టు మీద ముక్కు మూసుకుని నడిచినవాడిని. అందుకే కాబోలు, బెండు కదలని మధ్యాహ్నం మీద నాకు ఫిర్యాదు పుట్టదు.

ఇదంతా బాబాయిగారికి చెప్పాను. నాచు, ఆక్సిజన్ అనేసరికి ఆయన సర్దుకుని కూర్చున్నారు. మబ్బుపట్టిన రోజుల్లో తెల్లవారుజామున చేపలు తలలు తేలేస్తే టార్చిలైటు పట్టుకుని ఏరియేటర్లు వేయడానికి పరుగెత్తిన మనిషాయన.

"అయితే అడుగున గాలి ఉందన్నమాట. మరి ఇవి పైకొచ్చేదెప్పుడు?"

"అక్టోబరు నుంచి పైనీళ్లు చల్లబడతాయి బాబాయ్."

"నా టిక్కెట్టు సెప్టెంబరు పదికి" అని, వానపాముల డబ్బా మూత తానే బిగించారు.