వృషభావతి వెంట ఒక నడక

బెంగుళూరునకు నది లేదని మన పిల్లలు పాఠము వలె అప్పగించుదురు. అది సరికాదు. ఈ నగరముననే పుట్టి, అర్కావతిలో కలిసి, తుదకు కావేరిని చేరు నది యొకటి కలదు. దాని పేరు వృషభావతి. ఒక సెలవుదినమున కొందరు విద్యార్థులతో, దారి చూపువారెవరును లేకయే, దాని జాడ వెదకుచు నడచితిమి. తలిదండ్రులును తమ పిల్లలతో అట్లే నడువవలెనని మా మనవి.

బసవనగుడిలో బయలుదేరవలెను. అచ్చటి ఏకశిలానంది పాదములకడ ఈ నది పుట్టినదని స్థలపురాణము. కార్తికమాసపు కడపటి సోమవారమున అచ్చట జరుగు జాతరను కన్నడిగులు 'కడలెకాయి పరిషె' యందురు. మన యిండ్లలో అది చెనిక్కాయల తిరునాళ్లు. గవిపురము అచ్చటికి సమీపముననే యున్నది. మకరసంక్రాంతి సాయంకాలమున అచ్చటి గుహాలయములో సూర్యకిరణములు నంది కొమ్ముల నడుమగా వచ్చి లింగమును తాకును. పిమ్మట కెంపాంబుధి చెరువు, దాని చెంత కెంపేగౌడుని పేరిటి గోపురము కానవచ్చును. 1537లో ఈ నగరమునకు పునాది వేసిన ఆ కెంపేగౌడుడు 'గంగాగౌరీవిలాసము' అను యక్షగానమును తెలుగున రచించెనని ప్రసిద్ధి.

"ఈ యూర తెలుగు చదివి యేమి లాభము?" అని అడుగు తలిదండ్రులు కలరు. దారి పొడవున ఫలకములు కన్నడమున నున్నవి. తెలుగక్షరములు వచ్చిన పిల్లలు వానిని కూడబలుకుకొని చదివిరి. రెండు లిపులును ఒక్క తల్లి బిడ్డలు. ఇంటిభాష నేర్చినవాడు ఊరిభాషకు దూరము కాడు, మరింత దగ్గరగును.

చివరకు మైసూరు రోడ్డున గాలి ఆంజనేయస్వామి ఆలయప్రాంతమును చేరితిమి. వెదకిన నది దొరకినది. కాని ముక్కు మూసికొనవలసి వచ్చినది. ఇండ్ల మురుగును, కర్మాగారముల వ్యర్థజలమును కలిసి నల్లగా పారుచున్నది. "సార్, ఇది మోరీ కదా! నది యెక్కడ?" అని ఒక బాలిక అడిగినది. మేము తల వంచుకొంటిమి.

పేరు మరచిన నదిని మోరీ యనుట సులభము. మోరీ యనుకొన్నదానిలో చెత్త వేయుట మరింత సులభము. కావున మన విద్యార్థులు ముందుగా ఆ పేరు నేర్వవలెను. తమ యింటి మురుగునీరు ఎటు పోయి ఎచ్చట కలియుచున్నదో పెద్దలతో కలిసి నడచి కనుగొనవలెను. కన్నది కన్నట్లు తెలుగున వ్రాసి మాకు పంపవలెను. ఆ వ్రాతలను ఈ పుటలలో సంతోషముతో ప్రకటింతుము.