పూలమాలకు వెనుక

పాఠశాలల క్రీడోత్సవములకు వయసు మీరిన ఆటగాని పిలిచి, పూలమాల వేసి, విద్యార్థులచేత ప్రశ్నలడిగించుట ఆచారము. ఆ ప్రశ్న తరచు ఒక్కటే: "ఆనాటి గోలు ఎట్లు కొట్టితిరి?" అతడును ఓపికతో చెప్పును. గోలు సంగతి పాత పత్రికలలోను దొరకును. పత్రికల కెక్కని సంగతులు అతని జ్ఞాపకములోనే యుండును. వాని నడుగువారు అరుదు. కెనడా, అమెరికాల మంచుహాకీ ఆటగాండ్ర కథ యిందుకు నిదర్శనము.

తెలుగు విద్యార్థికి హాకీ యనగా ధ్యాన్ చంద్ ఆట, పచ్చికబయలు. అచ్చటి హాకీ గడ్డకట్టిన మంచుపై స్కేట్లు తొడిగి, రబ్బరు బిళ్ళతో ఆడునది. జీతమునకు ఆడు వృత్తి. 1942 మొదలు 1967 వరకు నేషనల్ హాకీ లీగులో ఆరే జట్లుండెను. చోటు పోయినచో మరియొక చోటు దొరకుట కష్టము. కావున గాయపడినవారును నోరు మెదపక ఆడిరి. గోల్‌కీపర్లు వట్టి మొగముతో నిలుచుట శౌర్యముగా చెల్లెను. 1959 నవంబరు 1న న్యూయార్కులో బిళ్ళ తగిలి మొగము చీలిన జాక్ ప్లాంట్, కుట్లు వేయించుకొని, ముసుగు లేనిదే మరల ఆడనని పట్టుబట్టెను.

మొగము గాయము అందరికిని కనబడినది. పింఛను గాయము కనబడలేదు. తమ జీతములనుండియు చెల్లించిన నిధికి లెక్కలేవియని అడిగిన టెడ్ లిండ్సే, 1957లో తోటివారితో కూడి ఆటగాండ్ర సంఘము నెలకొల్పెను. ఆ యేడు అతని ఆట మున్నెన్నడును లేనంత ఉజ్జ్వలము. అయినను డిట్రాయిట్ యజమానులు అతనిని, లీగులో అట్టడుగున నున్న షికాగో జట్టునకు పంపివైచిరి. మరుసటి యేటికి సంఘము చితికిపోయెను.

ఆ ప్రశ్న మాత్రము చావలేదు. 1991లో కార్ల్ బ్రూవర్, గార్డీ హోవ్ మున్నగు పూర్వపు ఆటగాండ్రు న్యాయస్థానమున కెక్కిరి. ఇరువదియారు ఋతువులు ఆ లీగులో ఆడిన హోవ్ వంటివాడు పింఛనుకై వ్యాజ్యమాడవలసివచ్చుట యెంత చిత్రము! 1992లో ఒంటారియో న్యాయస్థానము, నిధిలోని మిగులు ఆటగాండ్రదేయని తీర్పు చెప్పెను. కోట్ల డాలర్ల మాట అది. ఆ తీర్పు పత్రముల బలమున వచ్చినదే గాని జ్ఞాపకముల బలమున గాదని కొంద రనవచ్చును. నిజమే, ముసలివారి జ్ఞాపకము గోళ్ళ లెక్కను కొంత పెంచునేమో కూడను. కాని ఆ పత్రములను వెదకుమని పురికొల్పిన దేది?

ఆటగాండ్రును ఈ సంగతులను తమంత తాము చెప్పరు. ఆటపై మమకార మట్టిది. అందువలననే మాంట్రియల్ గోల్‌కీపరు కెన్ డ్రైడెన్, తన చివరి ఋతువును గూర్చి 1983లో ప్రకటించిన 'ది గేమ్' విలువైనది. అందు విజయములకంటె ప్రయాణములు, సహచరులు, ఆట విడుచువాని మనసు ఎక్కువ చోటు గొన్నవి.

లిండ్సేను గూర్చి మరియొక ముచ్చట కలదు. 1966లో హాకీ కీర్తిమందిరము అతని నెన్నుకొనెను. ఆ విందునకు స్త్రీలకు ప్రవేశము లేదు. భార్యాబిడ్డలు రాగూడని చోటికి తానును రానని అతడు మానుకొనెను. మరుసటి సంవత్సరమే ఆ నియమమును మార్చిరి.