కంటికి చిక్కని జిడ్డు... కనిపెట్టే లేజర్

ఆక్సిజన్ గొట్టాల భద్రతలో వర్ణపట పరీక్ష కీలకం

విశాఖపట్నం: గాలిలో మామూలుగా మండే పదార్థం స్వచ్ఛమైన ఆక్సిజన్‌లో మహోగ్రంగా మండుతుంది. అందుకే ఆక్సిజన్ ప్రవహించే గొట్టాలు, వాల్వుల లోపల నూనె, గ్రీజు పొర మిగిలిపోవడం ప్రాణాంతకం. వాల్వును ఒక్కసారిగా తెరిస్తే ముందున్న వాయువు ఒత్తిడికి గురై వేడెక్కుతుంది. ఆ వేడికి జిడ్డు అంటుకుంటే ఉక్కు సైతం మండే ప్రమాదం ఉంది. విశాఖ ఉక్కు కర్మాగారంలో 2012 జూన్ 13న ఆక్సిజన్ విభాగంలో సంభవించిన పేలుడు పదిమందికి పైగా సిబ్బందిని బలిగొంది. ఆక్సిజన్ లైన్లలో ప్రమాదాలకు కారణాలు పలురకాలు. వాటిలో ముందుగానే నివారించదగినది జిడ్డు. కొవిడ్ రెండో విడత విజృంభించిన 2021లో ప్రభుత్వాసుపత్రుల్లోనూ ఆక్సిజన్ ప్లాంట్లు వెలిశాయి. కనుక ఇది కర్మాగారాలకే పరిమితమైన సమస్య కాదు.

పాత పరీక్షలు చాలవు

తెల్లగుడ్డతో తుడిచి చూడటం, అతినీలలోహిత దీపం కింద పరిశీలించడం, నీటి పొర విడిపోతుందో లేదో గమనించడం ఇప్పటివరకు వాడుకలో ఉన్న పద్ధతులు. అయితే అన్ని నూనెలూ ఆ దీపం కింద మెరవవు. పలుచని పొర గుడ్డకు అంటకపోవచ్చు. ఫలితం చాలావరకు చూసేవారి అనుభవంపైనే ఆధారపడుతుంది.

రెండు దెబ్బల్లో నిర్ధారణ

లేజర్ కిరణాన్ని లోహంపై సూదిమొనంత చోట కేంద్రీకరిస్తే అక్కడి పదార్థం క్షణమాత్రంలో ఆవిరై ప్లాస్మాగా వెలుగుతుంది. ఆ వెలుగు వర్ణపటంలో ఏ మూలకం ఉందో తెలుస్తుంది. 'లిబ్స్'గా వ్యవహరించే ఈ పద్ధతిలో జిడ్డులోని కార్బన్, గాలిలోని నైట్రోజన్‌తో కలిసి 388 నానోమీటర్ల వద్ద ప్రత్యేక గుర్తునిస్తుంది.

ఉక్కులోనూ కార్బన్ ఉండటం, ఇనుము రేఖలు కార్బన్ రేఖకు అతి చేరువగా పడటం ఇక్కడి చిక్కు. దీనికి పరిష్కారం లేకపోలేదు. అదే చోట రెండోసారి లేజర్ ప్రయోగించాలి. తొలి దెబ్బకు కనిపించిన కార్బన్ గుర్తు రెండో దెబ్బకు బాగా తగ్గితే అది పైపొర జిడ్డు. తగ్గకపోతే లోహంలోనిదేనని భావించవచ్చు. ఆ జిడ్డు ఏ రకమో తేల్చడానికి సి.వి.రామన్ 1928లో కనుగొన్న కాంతి పరిక్షేపణం తోడ్పడుతుంది. అయితే కొన్ని యంత్రపు నూనెలు లేజర్ తగలగానే తామే వెలిగి, ఆ సంకేతాన్ని మరుగుపరుస్తాయి.

చేతికి అందే దూరంలోనే...

ఈ విద్య మనకు కొత్తేమీ కాదు. పేలుడు పదార్థాల అతిస్వల్ప ఆనవాళ్లను లేజర్‌తో పసిగట్టే పరిశోధనలు హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో జరిగాయి. 2023 ఆగస్టులో చంద్రయాన్-3 రోవర్ ప్రజ్ఞాన్ లిబ్స్ పరికరంతోనే జాబిల్లి దక్షిణ ధ్రువ ప్రాంతంలో గంధకం ఉన్నట్టు నిర్ధారించింది.

పరిమితులనూ గుర్తెరగాలి. లేజర్ తాకిన బిందువు గురించే సమాచారం అందుతుంది. వంపు తిరిగిన గొట్టం లోపలికి కిరణం చేరదు. కళ్లకు రక్షణ తప్పనిసరి. కనుక విడిభాగాలను బిగించకముందే పరీక్షించడం శ్రేయస్కరం. శుభ్రపరచడానికి లేజర్ ప్రత్యామ్నాయం కాదు, శుభ్రతకు సాక్ష్యం మాత్రమే. చంద్రుడిపై పనిచేసిన పరిజ్ఞానం కార్మికుడి ప్రాణానికి అండగా నిలవాలంటే పరిశ్రమల యాజమాన్యాలు, పరిశోధన సంస్థలు చేతులు కలపాల్సి ఉంది.