మిరపచేని గట్టున పరదేశవాసము
భద్రాచలము ఐటీడీఏ ప్రాజెక్టు అధికారి గారికి బహిరంగ లేఖ

మహాశయా,

కరోనా నాటి సంగతులను ఇన్నేండ్లకు తవ్వుటేల యని తమరు భావింపవచ్చును. ఆ విపత్కాలమున అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో చదువులకై పోయి, అద్దెగదిలో తలుపు బిగించుకొని, రాత్రింబగళ్లు తారుమారైన వేళలలో ఖమ్మమునందలి తల్లితో వీడియో కాలులో మాటలాడుచు దినములు గడపిన మన పిల్లల కష్టములు పత్రికలలో విరివిగా వచ్చినవి. ఆ దుఃఖమును నేను తక్కువ చేయను. కాని పరదేశవాసము విమానమెక్కినవారికే కలుగునని యెవరు చెప్పిరి? అడవి దారిన చర్ల మండలమునకు వచ్చి, మన మిరపచేని గట్టున నాలుగు తాటాకుల క్రింద లాక్‌డౌను గడపిన ఛత్తీస్‌గఢ్ కూలీలును పరదేశమున చిక్కుకొన్నవారే. పిదప తమ ఊళ్లకు వారు సాగించిన నడకను గూర్చి వ్రాసినవారు గలరు. నడవక పూర్వము వారు నిలిచియున్న దినములను గూర్చి వ్రాసినవారు తక్కువ. మిరప పండించు ఊరిలో ఉండువాడను గనుక ఆ పని నాకు విధియైనది.

సంక్రాంతి దాటి ఖమ్మము, భద్రాద్రి కొత్తగూడెము, ములుగు జిల్లాలలో తేజ రకపు మిరప ఎఱ్ఱబారగనే, కాయ కోయుటకు ఊరి కూలీలు చాలరని తమరెరుగుదురు. అప్పుడు మేస్త్రీలు బీజాపూరు, సుక్మా జిల్లాల పల్లెలకు పోయి, ముందుగా కొంత పైకమిచ్చి, ముఠాలు గట్టి, ఆలుమగలను, పెండ్లికాని పిల్లలను, ఒక్కొక్కప్పుడు బడి యీడు బాలికలను గూడ తోడ్కొని వత్తురు. వారు కోసిన కాయ ఖమ్మము మార్కెట్టు మీదుగ చైనాకును, థాయిలాండునకును పోవును. వారికి మాత్రము చేని గట్టు దాటిన ఇచట చిరునామా లేదు. వారి భాష మన గుంపులలోని, అనగా గిరిజన పల్లెలలోని, కోయభాషకు దగ్గరి చుట్టమే యైనను, నాడు వారి ఊరి రేషను కార్డు మన డీలరునకు పనికిరాలేదు. ఆసుపత్రిలో తెలుగున అడిగిన ప్రశ్న వారికి తెలియలేదు.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ జరిగెను. 25 నుండి దేశమంతటను లాక్‌డౌను వచ్చెను. ఏప్రిల్ 2న భద్రాద్రి రాముని కల్యాణము సైతము భక్తులు లేకయే జరిగిన దనిన, నాడు ఈ ప్రాంతమెట్లు మూతపడియుండెనో వేరుగ చెప్పనక్కరలేదు. ఎక్కడివా రక్కడనే యుండవలెనని ఆజ్ఞ. మంచిదే, కాని వీరున్న ‘అక్కడ’ ఎట్టిదో ఒక్కసారి చిత్తగింపుడు. పైన తాటాకు, దానిపై చినిగిన పరదా. మూడు రాళ్ల పొయ్యి. ఒక్కొక్క గుడిసెలో అరడజను మంది. మనిషికి మనిషికి ఆరడుగుల ఎడముండవలెనని రేడియో ఘోషించుచుండగా, ఆ గుడిసె పొడవే ఆరడుగులకు కొంచెము పైబడి యుండెను. ముఖమునకు గుడ్డ కట్టుకొనుట మాత్రము వారికెవరును నేర్పవలసిన పని లేకపోయెను. మిరప ఘాటునకు తువ్వాలతో ముక్కు మూసికొనుట ప్రభుత్వోత్తర్వులకంటె ఎన్నియో ఏండ్లు ముందే వారెరిగిన విద్య. చేతులు కడుగక కంటిని తాకరాదనుటయు అట్టిదే. కాయ కోసిన చేతితో కన్ను నులిమికొని ఆ మంట అనుభవించినవానికి ఆ హితవు వేరొకరు చెప్పనేల?

కాని మిరపచేనిలో దగ్గనివాడుండడు. మామూలు కాలమున ఆ దగ్గును ఎవరును లెక్కసేయరు. ఆ ఏడు మాత్రము గట్టు మీద ఒకడు దగ్గిన, ఊరి చివర అరుగుపై కూర్చున్నవారు లేచి లోనికి పోయిరి. ఉప్పు, పప్పు కొనుటకు వచ్చిన కూలీ స్త్రీలను కిరాణా కొట్టువాడు దూరముననే నిలిపి, సంచి నేలపై పెట్టి వెనుకకు జరిగెడివాడు. గుంపులవారు దారికడ్డముగ దుంగలు పడవైచి ముళ్లకంప పెట్టిరి. వారిని నేను నిందింపను. అమ్మవారు పోసిన ఇంటికి వేపమండలు కట్టి రాకపోకలు మాన్పించుట మన పెద్దలకు తెలిసిన మార్గమే, దానివలన ఎన్ని ఊళ్లు బ్రతికెనో. కంప లోపలివారికి కంప రక్షణమాయెను. రెండు కంపల నడుమ మిగిలినవారిని గూర్చి ఏ పెద్దయు ఆలోచింపలేదు.

పిదప వ్యవసాయపు పనులకు సడలింపు కలిగినందున కోత సాగినది. కోత సాగినన్నినాళ్లు కూలి నడచెను, కూలి నడచినన్నినాళ్లు కూడును నడచెను. అసలు చిక్కు ఆఖరి కోత ముగిసిన దినమున మొదలయ్యెను. పంట అయిపోయిన చేనికి రైతు నీరు పెట్టడు గనుక బోరు మోటారు ఆగిపోయెను. బోరు ఆగుటతో గట్టు మీది గుడిసెకు త్రాగునీరే లేదయ్యెను. రైతు దుర్మార్గుడు కాడు. వాని కాయ కల్లములోనే యుండి, యార్డులు మూతపడి, చేత పైకము లేక, వాడును దిక్కులు చూచుచుండెను. స్త్రీలు బిందెలు పట్టుకొని, ముళ్లకంప కీవల నిలిచి, ఊరి కొళాయి నుండి ఎవరైన నీరు పోయుదురేమో యని ఎదురుచూచుట నేను చూచినాను. పోసినవారును గలరు, పోయనివారును గలరు. పగలు ఇప్పచెట్ల నీడను పడుకొనుట, సాయంకాలము ఒక్క సెల్‌ఫోను చుట్టు చేరి తమ ఊరి వార్త వచ్చునేమో యని చూచుట, సిగ్నలు లేనిచో గట్టెక్కి నిలుచుట — వారి దినచర్య ఇంతియే.

ప్రభుత్వ మేమియు చేయలేదని నేననను. వలస కూలీలు రాష్ట్రాభివృద్ధిలో భాగస్వాములని నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు గారు చెప్పి, తలకు 12 కిలోల బియ్యము, 500 రూపాయలు ఇప్పించిరి. ఆ మాట ఆనాడు దేశమున అందరు ముఖ్యమంత్రుల నోటను రాలేదు. మా చేల గట్టుననున్న ముఠాకు ఆ బియ్యము చేరినవి. తాలిపేరు నది వైపున నున్న మరియొక ముఠాకు చేరలేదు. వారి పేర్లు ఏ కాగితము మీదను లేకుండుటయే కారణము.

ఏప్రిల్ 14తో తీరవలసిన గడువు మే 3 వరకు పొడిగింపబడగా, మరునాడే ములుగు జిల్లా మిరపచేల నుండి ఒక ముఠా బీజాపూరునకు అడవిత్రోవన బయలుదేరెను. అందు పండ్రెండేండ్ల బాలిక యొకతె నూరు కిలోమీటర్లకు పైగా నడచి, ఏప్రిల్ 18న, తన ఊరింక కొద్ది దూరముండగనే, ప్రాణము విడిచెను. ఆమెకు కరోనా లేదని పరీక్షలో తేలెను. మే 1న లింగంపల్లి నుండి జార్ఖండులోని హటియాకు వలస కూలీల తొలి శ్రామిక రైలు నడచెను. మే 7 నుండి విదేశములలోని మనవారికి విమానములు వచ్చెను. బీజాపూరునకు నాడు రైలు మార్గమే లేదు.

తమరి నడుగునది పెద్ద కోరిక కాదు. కోతకాలపు ఆరంభముననే మేస్త్రీ వారీగా, చేని వారీగా ఈ కూలీల పేర్లు వ్రాయు పుస్తక మొకటి తమ సంస్థలో తెరిపింపుడు. రాష్ట్రాంతర వలస కార్మికునికి ఫోటోతో పాసుపుస్తక మీయవలెనని 1979 నాటి చట్టమే చెప్పినది; మిరపచేని మేస్త్రీని ఆ చట్టమెన్నడైన పలుకరించెనో లేదో తమకే తెలియును. పేరు వ్రాయువాడు కోయభాష మాటలాడువాడై యుండవలెను. ఆపద వచ్చినచో ఏ ఆశ్రమ పాఠశాల తలుపు, ఏ ఊరి వారికి తెరువవలెనో ముందే నిర్ణయింపుడు. బడులు మూతపడిన ఆ వేసవిలో పైకప్పును, నీటి తొట్టియు గల గదులు ఊరూర ఖాళీగ నుండెను గదా. సుక్మా, బీజాపూరు జిల్లాల అధికారులతో ఉత్తర ప్రత్యుత్తరములు నెరపుడు.

ఇంకొక మాట. ఈ పుస్తకము పోలీసు ఠాణాలో నుండరాదు. 2005 తరువాత ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులపై సాగిన సల్వాజుడుం అలజడులకు బెదరి ఊళ్లు విడిచి మన అడవులలో తలదాచుకొన్న గుత్తికోయల పిల్లలు నేడు పెద్దవారైరి. పేరు అడిగినవాడు యూనిఫారములో నున్నచో వారు చెప్పు పేరు తమ పేరు కాదు. ఈ కూలీలలో పలువురు వారి బంధువులే. భయపడి చెప్పిన పేర్లతో నిండిన పుస్తకము, పుస్తకము లేకపోవుటకంటె ప్రమాదకరము. అందులకే కలెక్టరు గారికో, పోలీసు అధికారులకో కాక, గిరిజనుల పేరిట నెలకొన్న తమ సంస్థకు ఈ విన్నపము చేయుచున్నాను. ఈ కూలీలు పొరుగు రాష్ట్రపువారు, మా పరిధిలోనివారు కారని తమ కార్యాలయమునుండి జవాబు రావచ్చును. కోత ముగియువరకు వారు తమ పరిధిలోని చేలలోనే యుందురు.

వచ్చు సంక్రాంతి వెళ్లగనే తొలి ముఠాలు అడవి దాటును. అంతకు మునుపే ఆ పుస్తకము తెరచునట్లు ఉత్తర్వు చేయ ప్రార్థన.

ఇట్లు,
చర్ల మండల నివాసి, ఒక విశ్రాంతోపాధ్యాయుడు